బోదకాళ్ళ క్లినిక్ ఎలా నడవాలి?

జంతుశాస్త్రం చదివే విద్యార్థులందరికీ ఉకరేరియా బాంక్రాఫ్టై అనే పురుగు బాగా పరిచయం. పరీక్షలో తరచుగా వచ్చే ప్రశ్న అది. ఒక పక్క దోమ, ఒక పక్క మనిషి, మధ్యలో బాణం గుర్తులు వేసి, జీవిత చక్రం పూర్తి చేసి మార్కులు తెచ్చుకుంటాం. చివర్లో "వ్యాధి లక్షణం: బోదకాలు" అని ఒక వాక్యం, "చికిత్స: డి.ఇ.సి. మాత్రలు" అని మరొక వాక్యం రాస్తాం. అక్కడితో పాఠం అయిపోయింది.

కాని బోదకాలు వచ్చిన మనిషికి అక్కడే మొదలవుతుంది. ఆ కాలితో అతను ముప్పై నలభై యేళ్ళు బతకాలి, పని చేసుకోవాలి, బస్సెక్కాలి, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళాలి. అటువంటి వారికోసం ప్రత్యేకంగా ఒక క్లినిక్ పెడితే అందులో ఏం చెయ్యాలి, ఎలా నడపాలి అన్నది పాఠ్యపుస్తకాల్లో లేని సంగతి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే.

శోషరసం సంగతి

ముందుగా వాపు ఎందుకు వస్తుందో తెలియాలి. మన రక్తకేశనాళికల నుండి కొంత ద్రవం కణజాలంలోకి ఊరుతూ వుంటుంది. అలా మిగిలిన ద్రవాన్నీ, దానితోపాటు బయటకు వచ్చిన ప్రోటీన్లనూ తిరిగి రక్తంలోకి చేర్చే పని శోషరస నాళాలది. ఇలా తిరిగి చేరే శోషరసం, అంటే లింఫు, రోజుకు రెండు మూడు లీటర్లు వుంటుందని అంచనా.

డెల్టా గ్రామాల వారికి ఇది సులువుగా అర్థమవుతుంది. చేలోకి నీళ్ళు తెచ్చేది పంటకాలువ, ఎక్కువైన నీళ్ళు తీసుకుపోయేది మురుగుకాలువ. పంటకాలువ ఎంత బాగా పారినా మురుగుకాలువ పూడిపోతే చేను మునిగిపోతుంది. రక్తనాళాలు పంటకాలువలనుకుంటే శోషరస నాళాలు మురుగుకాలువలు. బోదకాలులో దెబ్బతినేది ఈ రెండవది.

శోషరసాన్ని తోయడానికి గుండెలాంటి పంపు లేదు. నాళాల్లో చిన్న చిన్న కవాటాలున్నాయి. నాళాల గోడలు తమంతట తాము ముడుచుకుంటాయి. పక్కనున్న కండరాలు కదిలినప్పుడు పిండినట్లయి రసం పైకి పోతుంది. కాలు కదిలించాలి, ఎత్తుగా పెట్టుకోవాలి అని డాక్టర్లు చెప్పడానికి కారణం ఇదే.

ఫైలేరియా పురుగులు పెద్దవై ఈ నాళాల్లోనే కాపురం పెడతాయి. మగది సుమారు 4 సెంటీమీటర్లు, ఆడది 8 నుండి 10 సెంటీమీటర్లు, దారప్పోగులా వుంటుంది. కొన్నేళ్ళపాటు బతుకుతాయి. అవి వున్నచోట నాళం వెడల్పయిపోయి, కవాటాలు మూసుకోవడం మానేస్తాయి. చిన్నతనంలో పట్టిన పురుగు ఫలితం చాలా యేళ్ళ తరవాత కాలి వాపుగా బయటపడవచ్చు. నిలిచిపోయిన ద్రవంలో ప్రోటీన్లు పేరుకుంటాయి. వాటివల్ల చర్మం కింద నారలాంటి కణజాలమూ, కొవ్వూ పెరుగుతాయి. మొదట వేలితో నొక్కితే గుంటపడిన కాలు తరవాత గట్టిపడిపోతుంది.

మరొక నష్టం కూడా వుంది. చర్మంలో దూరిన సూక్ష్మజీవులను పట్టి గజ్జల్లోని గ్రంథులకు చేర్చేవి ఈ నాళాలే. అవి పాడైతే ఆ కాలికి కాపలా తగ్గినట్లే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే క్లినిక్ పని అంతా దానంతట అదే అర్థమవుతుంది.

శోషరసపు వాపులన్నీ ఫైలేరియావే కావు. రొమ్ము కాన్సరుకు ఆపరేషను, రేడియేషను అయిన తరవాత కొందరికి చెయ్యి వాస్తుంది. పుట్టుకతో నాళాలు సరిగా ఏర్పడనివారున్నారు. ఇథియోపియా ఎత్తుభూముల్లో అగ్నిపర్వత సంబంధమైన మట్టిలో చెప్పులు లేకుండా సేద్యం చేసే రైతులకు దోమతో, పురుగుతో పనిలేకుండానే ఇలాంటి కాళ్ళు వస్తాయి. కారణాలు వేరైనా కాలిని కాపాడుకునే పద్ధతి చాలావరకు ఒక్కటే.

మాత్ర చేసే పని, చెయ్యని పని

ఫైలేరియాకు వాడే డైఇథైల్ కార్బమజీన్ అనే మందు 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుండి వచ్చింది. ఆ పరిశోధనలకు నాయకత్వం వహించినది మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. గోదావరి జిల్లాల్లో ఎందరినో పీడించిన జబ్బుకు మందు గోదావరి గడ్డ బిడ్డ చేతిమీదుగా రావడం మనం గర్వించదగినది.

మన దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. సూక్ష్మఫైలేరియాలు రాత్రి పది నుండి రెండు గంటల మధ్యనే రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి గనుక రాత్రి క్లినిక్కులు పెట్టి రక్తం తీశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ప్రపంచవ్యాప్త నిర్మూలన కార్యక్రమం ప్రారంభించింది. 2004 నుండి మన జిల్లాల్లో యేడాదికోసారి అందరిచేతా మాత్రలు మింగించే పద్ధతి వచ్చింది. 2018 నుండి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులు ఇస్తున్నారు. 2027 నాటికి దేశంలో ఫైలేరియా వ్యాప్తిని లేకుండా చెయ్యాలన్నది లక్ష్యం.

ఇవన్నీ మంచి పనులే. అయితే మాత్ర ఏం చేస్తుంది? రక్తంలోని సూక్ష్మఫైలేరియాలను చంపుతుంది. దోమకు అందేదేమీ లేకుండా చేసి, పక్కవాడికి జబ్బు రాకుండా ఆపుతుంది. ఇప్పటికే చెడిపోయిన నాళాన్ని మాత్రం బాగుచెయ్యలేదు. "పదేళ్ళనుంచి మాత్రలు మింగుతున్నాను బాబూ, కాలు తగ్గలేదు" అని ఎవరైనా అంటే అది మందు తప్పు కాదు, ఆయన తప్పు అసలే కాదు. ఆ సంగతి ఆయనకు ఎవరూ విడమరచి చెప్పలేదు, అంతే.

శ్రీలంకలో 2016లో, బ్రెజిల్‌లో 2024లో ఫైలేరియా ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. పురుగు పోయింది. కాళ్ళు వాచినవారు మాత్రం అక్కడే వున్నారు. అందుకే ఆ కార్యక్రమానికి మొదటినుండీ రెండు భాగాలు పెట్టారు: వ్యాప్తిని ఆపడం ఒకటి, ఇప్పటికే బాధపడుతున్నవారికి వైద్యం అందించడం రెండవది. మొదటి దానికి గడువుంది, లెక్కలున్నాయి, మాత్రలు పంచే వారంలో సందడి వుంటుంది. రెండవది నిశ్శబ్దంగా, యేళ్ళ తరబడి నడవవలసిన పని. అలాంటి పని వెనకబడిపోవడం చాలా సులువు.

హైతీ దేశంలో ఒక క్లినిక్

ఈ రెండవ పని ఎలా చెయ్యాలన్నదానికి హైతీ దేశంలోని లియోగాన్ పట్టణం మంచి ఉదాహరణ. అక్కడ ఫైలేరియా విపరీతంగా వుండేది. 1995 జూలై నుండి 1998 డిసెంబరు వరకు ఒక క్లినిక్‌లో 175 మంది రోగులకు వైద్యం చేసి, వివరాలు జాగ్రత్తగా రాసిపెట్టారు.

మొదట్లో ఆ క్లినిక్ ఉద్దేశం కాలి వాపు తగ్గించడం. అందుకోసం కాలికి బిగుతు కట్లు కట్టేవారు. ఆ కాలంలో ఒక్కొక్క రోగికి యేడాదికి సగటున 1.56 సార్లు జ్వరపు దాడి వచ్చింది. 1997 మార్చి తరవాత పద్ధతి మార్చారు. కట్లు వద్దని, కాలు శుభ్రంగా కడుక్కోవడం, చర్మాన్ని కాపాడుకోవడం ముఖ్యమని నేర్పారు. అప్పుడు దాడుల సగటు 0.48కి దిగింది. అంటే మూడింట ఒక వంతుకు పడిపోయిందన్నమాట. కొత్త మందు ఏదీ రాలేదు. మారినవి సబ్బు, నీళ్ళు, నేర్పే తీరు.

జ్వరపు దాడి అంటే ఏమిటో మన పల్లెల్లో చాలామందికి తెలుసు. ఉన్నట్టుండి చలి, వణుకు, జ్వరం. గజ్జల్లో బిళ్ళ కడుతుంది. కాలు ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకోనివ్వదు. నాలుగైదు రోజులు మంచం దిగలేరు. ఇది పురుగు చేసే పని అని పూర్వం అనుకునేవారు. చాలావరకు ఇవి వేళ్ళ సందుల్లోని పగుళ్ళ ద్వారా, చిన్న పుండ్ల ద్వారా లోపలికి దూరిన బాక్టీరియా వల్ల వస్తాయని తరవాత తేలింది. దాడి వచ్చిన ప్రతిసారీ మిగిలిన నాళాలు మరికొంచెం చెడతాయి, కాలు మరో మెట్టు లావెక్కుతుంది. అందుచేత దాడిని ఆపితే జబ్బు ముదరడాన్ని ఆపినట్లే.

కట్టు కట్టినప్పుడు దాడులు ఎందుకు ఎక్కువయ్యాయి? ఉష్ణదేశంలో చెమటతో తడిసిన కట్టు, కాలిని సరిగా కడిగి ఆరబెట్టకుండానే చుట్టిన కట్టు సూక్ష్మజీవులకు పందిరి వేసినట్లే గదా! కట్టు చెడ్డదని దీని అర్థం కాదు. చర్మం బాగుపడిన తరవాత, రక్తనాళాలు సరిగా వున్నాయో లేదో చూసి, నేర్పరి చేత సాగే గుణం తక్కువున్న కట్లు కట్టిస్తే వాపు బాగా తగ్గుతుంది. వరుస మాత్రం తప్పకూడదు. చర్మం ముందు, కట్టు తరవాత.

లియోగాన్ లెక్క ముందూ వెనకా పోల్చిన లెక్క. సైన్సు విద్యార్థులు దీనితో తృప్తిపడకూడదు. కేరళలోని అలప్పుళలో డాక్టర్లు 1990ల్లో రోగులను గుంపులుగా విడదీసి, కొందరికి ఫైలేరియా మందులు, కొందరికి మందులేని ఉత్తమాత్రలు ఇచ్చి, అందరికీ పాద సంరక్షణ నేర్పారు. ఉత్తమాత్రలు మింగినవారికి కూడా దాడులు తగ్గాయి. మేలు చేసింది కాలు కడుక్కోవడమేనని దానితో రుజువైంది.

లియోగాన్‌లో ఇంకొక సంగతి కూడా కనిపించింది. చదువురానివారికి జ్వరపు దాడులు ఎక్కువగా వచ్చాయి. కాగితం మీద అచ్చువేసి ఇచ్చే సలహా ఎవరికి అందడం లేదో దీనివల్ల తెలుస్తుంది. నేర్పవలసిన పద్ధతి చేతితో చేసి చూపించడం, వారిచేత చేయించడం.

క్లినిక్‌లో ఏమేం వుండాలి

పెద్ద భవనం అక్కరలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రెండు గదులు చాలు. నేలమట్టంగా వుండాలి, మెట్లు వుండకూడదు. బస్సు దిగే చోటికి దగ్గరైతే మంచిది. ఒక నీళ్ళ కొళాయి, మురుగు పోయే దారి, రోగి కూర్చుని కాలు చాపుకునేందుకు స్టూళ్ళు, ఆడవారికి చాటు వుండాలి. చీర పైకి ఎత్తి కాలు చూపించడానికి సిగ్గుపడి రానివారు ఎందరో వుంటారు.

సామాను: టబ్బులు, మగ్గులు, మామూలు సబ్బు, మెత్తని తువ్వాళ్ళు, కొలత టేపు, తూకం యంత్రం, ఒరుపులకు రాసే ఆయింటుమెంటు, జ్వరం మాత్రలు, యాంటీబయోటిక్కులు, ఒక పెద్ద రిజిస్టరు. ఖరీదైన యంత్రం ఒక్కటి కూడా లేదు.

మనుషులు: డాక్టరు వారానికొకరోజు వస్తే సరిపోతుంది. రోజూ వుండవలసింది ఓపికగల నర్సు, వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు, ఇళ్ళకు వెళ్ళే ఆశా కార్యకర్త. వీరికి తోడు ఒక పాత రోగి. తన కాలు తాను కాపాడుకుంటున్న రోగి చెప్పిన మాటకు వున్న బలం డాక్టరు మాటకు కూడా వుండదు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో డాక్టర్ జెరూసా డ్రేయర్ రోగులనే ఒకచోట చేర్చి 'ఆశా క్లబ్బులు' పెట్టించింది ఇందుకే.

క్లినిక్ వారం మారకూడదు. సంత రోజు పెట్టకూడదు. నాట్ల రోజుల్లో పొద్దున్నే రమ్మంటే ఎవ్వరూ రారు, సాయంత్రం పెట్టాలి.

మొదటిసారి వచ్చిన రోజు

మొదట ఇది నిజంగా శోషరసపు వాపేనా అని చూడాలి. రెండు కాళ్ళూ సమానంగా వాచి, ముఖం కూడా ఉబ్బివుంటే మూత్రపిండాలో గుండెనో పరీక్ష చేయించాలి. ఒక్క కాలు ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. కాలి రెండవ వేలి మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి పైకి లాగి చూడటం ఒక సులువైన పరీక్ష. మామూలు కాలికి చర్మం మడత పడి లేస్తుంది, బోదకాలికి లేవదు. దీనిని స్టెమ్మర్ గుర్తు అంటారు.

తరవాత జబ్బు ఏ మెట్టులో వుందో నిర్ణయించాలి. డ్రేయర్ పద్ధతిలో ఏడు మెట్లున్నాయి. రాత్రి పడుకుని లేచేసరికి వాపు తగ్గిపోతే మొదటి మెట్టు. తగ్గకపోతే రెండవది. ఆ తరవాత చర్మంలో పైపై మడతలు, బొడిపెలు, లోతైన మడతలు, పాచిలాంటి మొలకలు వరసగా వస్తాయి. తన పని తాను చేసుకోలేని స్థితి ఏడవది. రోగికి ఈ అంకెలతో పనిలేదు. మొదటి రెండు మెట్లలోనే వస్తే ఎక్కువ లాభమని మాత్రం అందరికీ తెలియాలి.

ఇక కొలత. మడమ నుండి పది సెంటీమీటర్లకొక గుర్తు పెట్టి ప్రతిసారీ అక్కడే చుట్టుకొలత తీసుకోవాలి. రెండు గుర్తుల మధ్య భాగం తల కోసిన శంకువులా వుంటుంది గనుక ఘనపరిమాణం లెక్కకట్టవచ్చు. దిగువ చుట్టుకొలత 30 సెం.మీ., ఎగువ చుట్టుకొలత 34 సెం.మీ., మధ్య ఎత్తు 10 సెం.మీ. అనుకుందాం. చుట్టుకొలతల వర్గాలు 900, 1156. రెండింటి లబ్ధం 1020. మూడూ కలిపితే 3076. దీన్ని ఎత్తుతో గుణించి 37.7తో భాగిస్తే, ఆ భాగం సుమారు 816 ఘన సెంటీమీటర్లని వస్తుంది. టేపు లేకపోయినా, అంచుదాకా నీళ్ళు నింపిన తొట్టిలో కాలు పెట్టించి పొర్లిన నీళ్ళు కొలిస్తే సరిపోతుంది. ఆర్కిమెడీజ్ ఇక్కడ కూడా పనికివచ్చాడు!

ఆ తరవాత వేళ్ళ సందులు ఒక్కొక్కటీ విడదీసి చూడాలి. అన్ని పనుల్లోకీ ముఖ్యమైంది ఇదే. తెల్లగా నానిన చర్మం, పగులు, గోరుచుట్టు, దోమకాటు గోకిన గాయం, ఇవన్నీ శత్రువుకు తలుపులు. ఎన్ని తలుపులు తెరిచివున్నాయో రిజిస్టరులో రాసుకోవాలి. మగవారికి వరిబీజం వుంటే దానికి ఆపరేషను వుందని, నయమవుతుందని చెప్పి పంపాలి. సిగ్గుతో ఇరవయ్యేళ్ళు దాచుకున్నవారికి ఆ ఒక్క మాటే పెద్ద ఉపకారం.

కాలు కడిగే పద్ధతి

ఇది క్లినిక్‌లో మొదటిరోజే, రోగి చేతులతోనే జరగాలి. నర్సు కడిగి చూపిస్తే నర్సుకు వచ్చినట్లు, రోగికి వచ్చినట్లు కాదు.

1. మామూలు చల్లదనం వున్న శుభ్రమైన నీళ్ళు తీసుకోవాలి. వేడినీళ్ళు కూడదు.
2. వాపు మొదలైన చోటునుండి పాదం వరకు పైనుంచి కిందికి సబ్బు రాయాలి. చేత్తోనో మెత్తటి గుడ్డతోనో రుద్దాలి. బ్రష్షు, పీచు, రాయి పనికిరావు.
3. మడతల్లో, వేళ్ళ సందుల్లో జాగ్రత్తగా శుభ్రం చెయ్యాలి.
4. కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి.
5. తువ్వాలుతో అద్ది ఆరబెట్టాలి, రుద్దకూడదు. వేళ్ళ సందుల్లో పలుచని గుడ్డ దూర్చి తడి తీయాలి. తడి మిగిలితే కడిగిన ఫలం లేదు.
6. నానిన చోట ఆయింటుమెంటు, గాయం వుంటే డాక్టరు ఇచ్చిన మందు రాయాలి.
7. రెండవ కాలు బాగానే వున్నా అదీ కడగాలి.

రోజుకు రెండుసార్లు చేస్తే మంచిది. పడుకునేముందు ఒక్కసారి మాత్రం తప్పకూడదు. అంతా కలిపి పావుగంట పని. వంగలేనివారికి ఇంట్లో మరొకరు చెయ్యాలి. ఆ మరొకరిని కూడా క్లినిక్‌కు పిలిచి నేర్పాలి.

దీనికి తోడు కదలిక. కూర్చునేవున్నా మడమ ఎత్తి దింపడం, పాదాన్ని గుండ్రంగా తిప్పడం చెయ్యవచ్చు. కూర్చున్నప్పుడు కాలు తుంటి ఎత్తుకు చాపి పెట్టుకోవాలి. రాత్రి మంచం కాళ్ళవైపు కోళ్ళ కింద ఇటుకలు పెడితే చాలు. గుండెజబ్బు వున్నవారు మాత్రం డాక్టరును అడిగి చెయ్యాలి. చెప్పు వెడల్పుగా, మెత్తగా, పట్టీ వదులు చేసుకునేందుకు వీలుగా వుండాలి. పాదం ఆకారం కాగితం మీద గీసి ఇస్తే ఊళ్ళో చెప్పులు కుట్టేవారే కుట్టి ఇస్తారు.

జ్వరం వచ్చినప్పుడు

దాడి వచ్చిన రోజున పై నియమాలు కొన్ని మారతాయి. వ్యాయామం ఆపాలి, కట్టు వుంటే తీసెయ్యాలి. కాలు ఎత్తుగా పెట్టి విశ్రాంతి తీసుకోవాలి. చన్నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కాలిమీద వెయ్యాలి. మంచినీళ్ళు బాగా తాగాలి. జ్వరం మాత్ర వేసుకుని, ఆ రోజే డాక్టరుకు చూపించి యాంటీబయోటిక్ మొదలుపెట్టాలి. చెప్పినన్ని రోజులూ వాడాలి. కాపడం పెట్టడం, వాతలు వెయ్యడం, పసర్లు కట్టడం, చీము వుందేమోనని గాటు పెట్టడం ఎంతమాత్రం చెయ్యకూడదు. తగ్గిన మర్నాటినుండి మళ్ళీ కడగడం, మెల్లగా కదిలించడం మొదలుపెట్టాలి.

అందుచేత క్లినిక్ వారానికొకరోజే అయినా, జ్వరంతో వచ్చినవారిని ఏ రోజైనా చూసే ఏర్పాటు వుండాలి. "గురువారం రండి" అని తిప్పి పంపితే అది క్లినిక్ అనిపించుకోదు.

పొలం పని మాటేమిటి?

పుస్తకాల్లో "రోగి బురదలో, మురికినీటిలో దిగరాదు" అని రాస్తారు. మాది వ్యవసాయ కుటుంబం గనుక ఈ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నాట్లు వేసే ఆమెకు బురదలో దిగవద్దంటే కూలి మానెయ్యమన్నట్లే. ఆమె తల వూపి ఇంటికి వెళ్తుంది. మర్నాడు చేలో దిగుతుంది. మళ్ళీ క్లినిక్‌కు రాదు. సలహా కాగితం మీద సరిగ్గానే వుంది, మనిషి మాత్రం దూరమైపోయింది.

అందుకని క్లినిక్‌లో మొదట అడగవలసిన ప్రశ్న "నీ పని ఏమిటమ్మా, యే నెలల్లో ఏం చేస్తావు?" అన్నది. దాన్నిబట్టి ఏర్పాటు చెయ్యవచ్చు. నాట్లకు నెల ముందునుంచే వేళ్ళ సందులు మానేటట్లు మందు వాడించాలి. చేలోకి వెళ్ళేటప్పుడు ఒక సీసా మంచినీళ్ళు, సబ్బుముక్క, పాత గుడ్డ వెంట తీసుకెళ్ళి, గట్టెక్కగానే అక్కడే కడిగి తుడుచుకోవాలి. ఇంటికి వచ్చి, వంట చేసి, పడుకోబోయే ముందు కడుగుదామనుకుంటే అప్పటికి కాలు మూడు నాలుగు గంటలు నానివుంటుంది. గాయం తెరిచివున్న రోజుల్లో మాత్రం నారు కట్టలు కట్టడం, గట్టుమీది పనులు, కళ్ళంలో పని అడిగి తీసుకోవాలి. దీనికి రైతులు కూడా సహకరించాలి. ఒక్క దాడి వస్తే పోయేది వారం రోజుల కూలి. ఆ లెక్క చెబితే రైతుకీ అర్థమవుతుంది, కూలికీ అర్థమవుతుంది.

రిజిస్టరులో ఏం రాయాలి

క్లినిక్ బాగా నడుస్తున్నదా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? ఎంతమంది వచ్చారు, ఎన్ని సబ్బులు పంచారు అన్న లెక్క చాలదు. ప్రతి రోగి పేరు ఎదుట నాలుగు అంకెలు వుండాలి: కిందటిసారి వచ్చినప్పటినుండి జ్వరపు దాడులు ఎన్ని, పని పోయిన రోజులెన్ని, వేళ్ళ సందుల్లో తెరిచివున్న గాయాలెన్ని, చుట్టుకొలత ఎంత. మొదటి మూడూ తగ్గుతుంటే చుట్టుకొలత తగ్గకపోయినా క్లినిక్ గెలుస్తున్నట్లే. ఈ సంగతి మొదటిరోజే రోగికి చెప్పాలి. కాలు సన్నబడుతుందని ఆశపెట్టి పంపితే మూడు నెలలకు నిరాశపడి మానేస్తాడు. "ఈ యేడాది జ్వరం రాకుండా చూసుకుందాం" అంటే అది జరిగే మాట, జరిగిందని అతనికే తెలిసే మాట.

రెండుసార్లు వరసగా రానివారి ఇంటికి ఎవరో ఒకరు వెళ్ళాలి. రాకపోవడానికి కారణం బస్సు ఛార్జీ కావచ్చు, నలుగురిలో నడవడానికి సిగ్గు కావచ్చు. మన ఊళ్ళలో మనిషి పేరు పోయి 'బోదకాళ్ళాయన', 'బోదకాళ్ళామె' అన్న పేరు మిగులుతుంది. ఇంట్లో ఒకరికి వుంటే ఆడపిల్లకు సంబంధం రావడం కష్టం. దోమకాటు వల్ల వచ్చే జబ్బు, వంశపారంపర్యం కాదు, ముట్టుకుంటే రాదు అని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. దిగులుతో కుంగిపోయినవారిని గుర్తించి మాట్లాడటం కూడా క్లినిక్ పనే.

తెలంగాణలో 2018లో బోదకాలు వారికి నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలుపెట్టి 2019లో 2,016 రూపాయలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ రెండు కాళ్ళకూ ముదిరినవారికి పింఛను ఏర్పాటు వచ్చింది. దీనివల్ల ఒక మేలు జరిగింది. ఇళ్ళలో దాక్కున్నవారి పేర్లు జాబితాలకెక్కాయి. ఆ జాబితా పట్టుకుని పింఛను అందినంత క్రమంగా కాలు కడగడం నేర్పే మనిషి కూడా గడపకు చేరితే అప్పుడు పని పూర్తవుతుంది.

విద్యార్థి మిత్రులకు మనవి

ప్రతి యేడూ మన ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో రోడ్లు వేస్తాం, చెట్లు నాటుతాం. శిబిరం పెట్టిన ఊళ్ళో బోదకాలు వున్నవారెందరో ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోవడం ఒక పూట పని. ఒక టబ్బు, మగ్గు, సబ్బు తీసుకుని, ఆరోగ్య కేంద్రం నర్సును వెంటబెట్టుకుని వెళ్ళి, వారిచేత కడిగించి, వేళ్ళ సందులు ఎలా ఆరబెట్టాలో చూపించడం మరొక పూట పని. ఆరు నెలల తరవాత మళ్ళీ వెళ్ళి "జ్వరం ఎన్నిసార్లు వచ్చింది?" అని అడిగి రాసుకుని రావడం మూడవది. ఈ మూడవది చెయ్యకపోతే మొదటి రెండూ ఫొటోలకే మిగులుతాయి.

ఫైలేరియా పురుగు మన దేశం నుండి పోయే రోజు దగ్గరలోనే వున్నదని ఆశిద్దాం. ఆ రోజున అందరం సంతోషించవలసిందే. ఆ మర్నాడు కూడా మన పల్లెల్లో వేలమంది సాయంత్రం పూట గడప ముందు కూర్చుని కాలు కడుక్కోవలసి వుంటుంది. వారికి సబ్బు, ఆయింటుమెంటు, జ్వరం వస్తే చూసే డాక్టరు ఆ రోజున కూడా దొరకాలి. కార్యక్రమం ముగిసినా క్లినిక్ తలుపు తెరిచే వుండాలని అడగడం చదువుకున్నవారి బాధ్యత.